గట్టు మీద నిలబడి చూస్తానన్న మాట

పోయిన వారం విశాఖపట్నం ఆసుపత్రి నుంచి మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. "చిన్నాన్నా, అమ్మ ఇక లేదు" అంది. విజయనగరంలో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ మాట విన్నాను. ఫోను పెట్టేశాక ఏడుపు రాలేదు. ఎప్పుడో మా అన్నయ్య ఇచ్చి తప్పిన ఒక మాట గుర్తొచ్చింది. ఆ మాట ఇచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఒళ్లో మిఠాయి పళ్లెం పెట్టుకుని.

అవి మా వదిన పెళ్లిచూపులు. సాలూరు దగ్గర పల్లెటూరు వాళ్లది. స్కూలు రోజుల నుంచీ ఆవిడ పరుగుపందేల పిల్ల. జిల్లా పోటీల్లో గెలిచిన కప్పులు వాళ్ల నట్టింటి గూట్లో దేవుడి పటం పక్కన ఉన్నాయి. మాటలన్నీ అయ్యాక మా నాన్న, "నువ్వేమైనా అడగాలా అమ్మా?" అన్నాడు. అలా అడిగితే పిల్ల తల వంచుకుని అడ్డంగా ఊపడం రివాజు. ఈవిడ తలెత్తింది.

"నాను పరిగెడతానండి. పెళ్లయ్యాక మానీమంటారేటి?"

గదిలో అందరూ నవ్వారు. మా అన్నయ్య నవ్వలేదు. చాలా మర్యాదగా, "మానెయ్యమని నేనెందుకంటాను? ఎక్కడ పోటీ ఉన్నా నేనే తీసుకెళ్తాను. గ్రౌండు గట్టు మీద నిలబడి చూస్తాను" అన్నాడు. ఆ ముక్క విని ఆవిడ ముఖం విప్పారిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. పెళ్లికి ఒప్పుకున్నది ఆ ముక్కకే.

పెద్దకర్మ నాడు పంచడానికి చిన్న పుస్తకం వేయిస్తున్నాడు మా అన్నయ్య. "ఒరేయ్, నువ్వు చదువుకున్నవాడివి. మీ వదిన గురించి నాలుగు పేజీలు రాయి" అని నాకే చెప్పాడు. జీవితమంతా లైబ్రరీలో ఉద్యోగం చేసినవాణ్ని. అలాంటి పుస్తకాలు గుట్టలుగా చూశాను. పోయినావిడ ప్రతి పుస్తకంలోనూ ఒకే మనిషి: సాధ్వి, అన్నపూర్ణ, భర్త అడుగుజాడల్లో నడిచిన ఇల్లాలు. మా వదిన నడిచిన మనిషి కాదు. ఆ సంగతి రాస్తే అతను అచ్చు వేయించడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల కాన్వాసు బూట్లు మా ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అటక ఎక్కాయి. దీనికి మా అమ్మను అనేవాళ్లున్నారు. నేను అనను. మా అమ్మ అడిగింది ఒక్కటే, "కోడలు బూట్లేసుకుని వీధిలో పరిగెడితే బాగుంటాదేటిరా?" అని. దానికి జవాబు చెప్పాల్సినవాడు, "కొన్నాళ్లు పోనీయమ్మా" అన్నాడు. అన్నయ్యకి రెవెన్యూలో ఉద్యోగం. అక్కడ నేర్చాడో, పుట్టుకతోనే వచ్చిందో తెలియదు కానీ, దేన్నీ కాదనడం అతనికి రాదు. తరవాత అనడం వచ్చు. ట్రాన్స్‌ఫరయ్యాక. పిల్ల పుట్టాక. పిల్ల చదువయ్యాక. పిల్ల పెళ్లయ్యాక. గొంతు పెంచి ఎరగడు. చెయ్యి చేసుకోవడం అసలే ఎరగడు. మంచివాడని ఊరంతా అంటుంది. ఒక మనిషి జీవితాన్ని గొంతు పెంచకుండా కూడా ఆపొచ్చని ఆ ఇంట్లో చూశాను.

నాకు పెళ్లి కాలేదు. అదే ఆవరణలో వెనక గదుల్లో ఉండేవాణ్ని, ఆవిడ వంటే తినేవాణ్ని. వయసులో నేనే పెద్దవాణ్నైనా వరసకి వదిన. 'మరిదిగారూ' అని మర్యాదగా పిలుస్తూనే ఆట పట్టించేది. మా వీధి మలుపులోనే పాలబూతు ఉంది. ఆవిడ మాత్రం రోజూ ఊరి చివర బూతుకి వెళ్లి పాలు తెచ్చేది. అక్కడి పాలు చిక్కగా ఉంటాయని ఇంట్లో చెప్పింది. రెండు బూతులకీ పాలు తెచ్చేది ఒకే వ్యాను. తెల్లవారకముందే గేటు తీసి, గేటు స్తంభం మీద రెండు వేళ్లతో టక్‌మని కొట్టేది. అది ఆవిడకి ఆవిడే ఊదుకునే ఈల. ఒకరోజు రైలుకి తొందరగా బయల్దేరి ఊరి చివర రోడ్డు మీద చూశాను. చీర కుచ్చెళ్లు పైకి దోపి, పాల సంచి కుదపకుండా గుండెలకి అదుముకుని, ఎవరూ లేని రోడ్డు మీద పరిగెడుతోంది. నన్ను చూసి ఆగలేదు. దాటిపోతూ, "ఇంట్లో సెప్పీకండి మరిదిగారూ!" అంది. చెప్పలేదు. అన్నయ్యకి ఆ పాలు చిక్కగానే అనిపించాయి, చివరిదాకా.

నేను తెచ్చే పుస్తకాలన్నీ చదివేది. వేగంగా చదివేది, అది కూడా పరుగే. ఒకసారి ఒక లావుపాటి నవల తిరిగిస్తూ, "ఏటి మరిదిగారూ, మీ పుస్తకాల్లో ఆడోల్లు ఎప్పుడూ కూకునే ఉంటారేటి? కిటికీ కాడ కూకుంటారు, పొయ్యి కాడ కూకుంటారు. ఒక్కర్తీ పరిగెట్టదేటి?" అంది.

ఆ మాట పట్టుకుని నా లైబ్రరీ అంతా మనసులో తిరగేశాను. పారిపోయే ఆడవాళ్లు దొరికారు. తరుముతుంటే పరిగెత్తేవాళ్లు దొరికారు. సరదాకి, గెలవడానికి పరిగెత్తే మనిషి ఒక్కర్తీ దొరకలేదు. అదే చెప్పాను. "అయితే ఇంక సదవను పొండి" అని నవ్వింది. మర్నాడే ఇంకో పుస్తకం అడిగింది.

నాకు మోకాళ్లు పోయి లైబ్రరీ మెట్లు ఎక్కడం కష్టమైన రోజుల్లో ఆవిడ నేర్పిన కిటుకు ఒకటుంది. "పైకి సూడకండి. పైకి సూస్తే కొండంతా మీ మీద కూకుంటాది. ముందు మెట్టు సూసుకోండి, అది మీదే." ఆ మాట మీదే రిటైరయ్యేదాకా నెట్టుకొచ్చాను.

ఇప్పుడు అరకు సంగతి.

రెండేళ్ల కిందట, వేసవి సెలవుల ముందు, మా అన్నయ్య అల్లుడు ఒక ప్రకటన చూపించాడు. అతను విశాఖలో ఉద్యోగం చేస్తాడు. అతని ఫోనుకి రాని ప్రకటన లేదు. అరకులో కొండదారుల్లో పరుగుపందెం, దాంతో కలిపి విహారయాత్ర. బస, భోజనం, చూడాల్సినవన్నీ చూపిస్తారు, మధ్యలో ఒక ఉదయం పరుగు. వయసు పట్టింపు లేదు. వదిన ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

అప్పుడు మా అన్నయ్యే అన్నాడు, "నీ పేరు రాయించీమంటావేటి? అప్పుడెప్పుడో మాటిచ్చాను. తీసుకెళ్తాను. నిలబడి చూస్తాను."

కూతురు చప్పట్లు కొట్టింది. వదిన లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి నీళ్లు తెచ్చే మిషతో వచ్చి నా చెవిలో, "ఇన్నారేటి మరిదిగారూ? ఆయన మర్సిపోలేదు" అంది. ఆ వయసులో ఆ ముఖం మళ్లీ పెళ్లిచూపుల నాటి ముఖం అయింది. పచ్చి నిజం చెప్తున్నాను, నేనూ నమ్మాను.

అప్పటి నుంచి బహిరంగంగా పరిగెత్తింది. కొత్త బూట్లు కొన్నారు, వదులు పంజాబీ డ్రస్సు కుట్టించారు. కోటచుట్టూ తిరిగొచ్చి అన్నయ్యకి చెప్పేది. అతను పేపరు దించకుండా, "భేష్" అనేవాడు. ఆవిడకి కావలసిందల్లా ఒకటే. పతకం కాదు, పేరు కాదు. అతను ఒక్కసారి నిలబడి తను పరిగెత్తడం చూడాలి. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆవిణ్ని పరిగెత్తగా చూడలేదు. ఈ మాట ఆవిడే చెప్పింది, పప్పు రుబ్బుతూ, నా వైపు చూడకుండా.

అద్దాల రైల్లో వెళ్లాం. అన్నయ్య, వదిన, కూతురు, అల్లుడు, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో జనం కేకలు. అందరూ లోయల్ని ఫొటోలు తీస్తుంటే వదిన కొండ వాలుల్ని చూస్తూ కూర్చుంది. "ఇది ఎక్కీయొచ్చు", "ఇది కూసింత కష్టం" అని తనలో తను అనుకుంటోంది, సంతలో కూరగాయలు ఎంచినట్టు.

పరుగుకి ముందురోజు కాళ్లకి విశ్రాంతి ఇవ్వాలని ప్రకటనలోనే రాసుంది. మా అన్నయ్య ఆ రోజునే యాత్రగా మార్చాడు. వ్యాను మాట్లాడి తోటలు తిప్పాడు, కాఫీ మ్యూజియం తిప్పాడు, చాపరాయి వాగు దగ్గర బండల మీద అందరినీ దింపి ఎక్కించాడు. పిల్లల చెప్పులు, నీళ్ల సీసాలు, నా మందుల సంచి అన్నీ వదిన చేతిలో. "అమ్మా, నువ్వు వ్యాన్లో కూర్చో" అని కూతురు అంది. "ఇంత దూరం వచ్చి వ్యాన్లో కూర్చుంటుందా?" అన్నాడు తండ్రి. నేనూ ఏదో అన్నాను. "నీకు ప్రతిదానికీ పేచీయేనోయ్" అన్నాడు. అక్కడితో నా పలుకుబడి అయిపోయింది. అల్లుడు కూడా చిన్న పరుగుకి పేరిచ్చాడు. రాత్రి వెదురుగొట్టంలో కాల్చిన బొంగు చికెన్ మీద పడి తిని, పొద్దున్న మంచం దిగలేదు. అతని పరుగంతా బాత్‌రూముకే.

సాయంత్రం బజార్లో వదిన ఒక టోపీ కొంది. నిమ్మపండు రంగు, ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపించే టోపీ. పిల్లలకనుకున్నాను. తిన్నగా తీసుకెళ్లి అన్నయ్య నెత్తి మీద పెట్టింది.

"ఏటే ఇది? జోకర్‌లా ఉంది."

"ఉండనీండి. రేపు ఆ సివర నిలబడతారు గదా, మలుపు తిరగ్గానే నాకు తెలియాల. కళ్లజోడు లేకండా పరిగెడతాను, అందరూ ఒక్కలాగే కనిపిస్తారు."

"సర్లే" అన్నాడు. అద్దంలో చూసుకుని కాస్త సర్దుకున్నాడు కూడా.

చైత్రంలోనూ అక్కడ తెల్లవారుజాము చలి. కాఫీ తోటల మొదట్లో పరుగు మొదలు. అన్నయ్య లేవలేదు. "మొదలు ఎవడు చూస్తాడోయ్? చివర కదా చూడాల్సింది. అక్కడుంటాను" అని దుప్పటి లోంచే చెప్పాడు. నేనూ కూతురూ వెళ్లాం. గీత దగ్గర కుర్రకారు మధ్య నిలబడింది మా వదిన, గుండె మీద నంబరు కాగితం, తెల్లజుట్టు బిగించి ముడి. స్తంభం లేదు కాబట్టి నా చేతికర్ర మీద రెండు వేళ్లతో టక్‌మని కొట్టింది. వెళ్లిపోయింది.

పరుగు ముగిసే చోటు వేరే. తారురోడ్డు పక్క మైదానం, గాలి నింపిన పెద్ద కమాను, మైకులో పాటలు. అన్నయ్య వచ్చాడు. టోపీ పెట్టుకునే వచ్చాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ సంపాదించి కూర్చున్నాడు. ఒక్కొక్కరే వస్తున్నారు, పతకాలు వేస్తున్నారు. వదిన జాడ లేదు. ఇంకాసేపు చూశాం. ఆ రోజు యాత్రలో మిగిలింది బొర్రా గుహలు. పిల్లలు గోల. ఆదివారం, ఆలస్యమైతే గేటు దగ్గరే పొద్దుపోతుందని వ్యాను డ్రైవరు రెండుసార్లు గుర్తు చేశాడు.

అన్నయ్య లేచాడు. "ఒరేయ్, ఈవిడ నడుచుకుంటూ వస్తోంది కామోసు. మేం బేగి బొర్రా చూసీసి వచ్చీస్తాం. నువ్వెలాగూ ఆ మెట్లు దిగలేవు."

"రానూ పోనూ ఘాట్ రోడ్డు అన్నయ్యా. బేగి ఎలా వస్తారు? ఉంటానన్నావు."

"నువ్వున్నావు కదరా."

కూతురు, "నాన్నా, అమ్మొచ్చాక వెళ్దాం" అంది. "మీ అమ్మ ఏమీ అనుకోదు" అన్నాడు. నిజమే, అలవాటు చేశాడు. వ్యాను ఎక్కబోతూ వెనక్కి వచ్చి, టోపీ తీసి నా నెత్తి మీద పెట్టాడు. "ఎండెక్కుతోంది, పెట్టుకో" అన్నాడు. ఎంత దయగా అన్నాడో! అది చూసిన ఎవరైనా అన్నంటే ఇలా ఉండాలనుకుంటారు.

తరవాతిదంతా నా చేతకానితనమే. ఎండ నిజంగానే ఎక్కింది. పందెం నడిపే పిల్లలు పట్నం వాళ్లు, మంచివాళ్లే, తెలివైనవాళ్లే, ఆ కొండల్లో ఏ దారి ఎవరిదని మాత్రం ఎవరినీ అడిగినవాళ్లు కారు. "సార్, అందరూ వచ్చేశారు. వెనకాల వచ్చే మా వాళ్లు దారంతా చూసుకుని వచ్చేశారు. ఇంకెవరూ లేరు" అన్నాడొకడు.

"మా వదిన ఉంది."

"ఆవిడ మధ్యలో మానేసి హోటల్‌కి వెళ్లిపోయుంటారు సార్."

"ఆవిడ మానేసే మనిషి కాదు బాబూ. మాన్పించారు గానీ, మానెయ్యలేదు."

వాడికి అర్థం కాలేదు. ఎందుకవుతుంది? ఎవరో వెతకడానికి బైకు మీద వెళ్తామన్నారు, ఏ దారిన వెళ్లాలో తేల్చుకోలేక అక్కడే మాట్లాడుకుంటూ నిలబడ్డారు. నా ఫోనుకి సిగ్నల్ లేదు. ఆ కొండదారి ఎదురుగానే ఉంది. చేతికర్ర ఊనుకుని ఎక్కబోయాను. మొదటి మలుపుకే మోకాళ్లు మొరాయించాయి. తిరిగొచ్చి కుర్చీలో పడ్డాను. కమానులో గాలి తీసేశారు. అది మెల్లగా వంగి, నేలకి ఆనుకుని, చప్పబడిపోయింది. మడతపెట్టి లారీలో వేశారు. పతకాల పెట్టె కూడా వెళ్లిపోయింది.

రోడ్డు పక్క టీ కొట్టు నడిపే ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. మెళ్లో శిలువ, చేతిలో గరిటె. టీ తెచ్చి ఇచ్చింది.

"ఎవులికోసం బాబూ?"

"మా వదిన. పరుగుకి వెళ్లింది."

"ఇయ్యాల ఇటుకల పండగ గదా. ఊళ్లల్లో ఆడోల్లు దారి కట్టీసుంటారు. ఒట్టినే ఒగ్గరు. కూకో, ఒస్తాదిలే."

అలాగే జరిగింది. తరవాత అదే కుర్చీలో కూర్చుని వదినే చెప్పింది. పందెం వాళ్లు వారం ముందే వచ్చి దారి తెలియడానికి చెట్లకి ఎర్ర రిబ్బన్లు కట్టి వెళ్లారు. ఆ తరవాత పండగ వచ్చింది. కొండమీది ఊరివాళ్లు తమ అమ్మవారి గుడిచెట్టుకి పోయే దారి పొడవునా ఎర్ర గుడ్డపీలికలు కట్టారు. ఏటేటా కట్టేవే. పండగ ఎప్పుడని ఊళ్లో ఒక్కరిని అడిగినా చెప్పేవారు. చీలిక దగ్గర ముందువెళ్లిన కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు కాబట్టి సరైన దారి పట్టారు. వెనకబడ్డ మా వదిన, కళ్లజోడు లేకుండా, ఎర్రగా కనిపించినదాని వెంట పోయింది. అమ్మవారి దగ్గరికి చేరింది. దండం పెట్టుకుని, అవతలివైపు దిగితే ఊరు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు గడ, దాని వెనక ఆడవాళ్లు.

చైత్రంలో కొండవాళ్లు చేసుకునే ఆ పండగ రోజుల్లో మగవాళ్లు వేటకి పోతారు, దారులు ఆడవాళ్లవి. వచ్చేపోయేవాళ్లు ఏదో ఒకటి ఇస్తేనే గడ లేస్తుంది. వదిన దగ్గర ఏముంది? నంబరు కాగితం. లేదంటే ఆడాలన్నారు. చేతులు నడుముల వెనకగా పట్టుకుని ఆడే థింసా వరసలో ఆవిణ్ని మధ్యలో పెట్టుకున్నారు.

"అడుగు తప్పేను మరిదిగారూ" అంది, చెప్తూ నవ్వుతూ. "ఒక ముసల్దైతే నా కాలు మీద కొట్టీసింది. 'ఇంత ఒయసొచ్చింది, ఆడీదం రాదేటి నీకు? మరెందుకే ఆ పరుగు? ఎవుడు తరుముతన్నాడు?' అనీసింది."

"నువ్వేమన్నావు?"

"ఎవులూ తరమట్లేదు. అక్కడ మా ఆయన నిలబడి ఉన్నాడు, నన్ను సూడ్డానికి అన్నాను. ఇంక సూడండి! 'మొగుడు సూత్తన్నాడంట్రో' అని ఒకటే కేకలు. 'ఎన్నేళ్ల మొగుడే?' అంటాదొకర్తి. 'ఇన్నేళ్ల మొగుడు ఇంకా సూత్తన్నాడా, ఎల్లెల్లు, బేగెల్లు, మనసు మారిపోగల్దు' అంటాది ఇంకొకర్తి. గడ ఎత్తీసేరు. ఇద్దరు గుంటపిల్లలు దారి సూపించడానికి సగం దూరం నాతో పరిగెట్టేరు."

అలా పందెం అయిపోయిన కొండల్లో, ఒక్కర్తీ, ఆ ఆడవాళ్ల కేకలు వీపున పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం దాటాక వ్యాను వచ్చింది. అన్నయ్య చేతిలో తేనె సీసా. "ఎన్నో నంబరొచ్చింది?" అన్నాడు. "ఆకరిదండి" అంది. "పోన్లే, పూర్తి చేశావు" అన్నాడు. ఫోనులో గుహల ఫొటోలు చూపించాడు, రాళ్లలో శివలింగం, రాళ్లలో ఏనుగు. వదిన కళ్లజోడు పెట్టుకుని అన్నీ శ్రద్ధగా చూసింది. "బాగున్నాయండి" అంది. ఆవిడ పేరు మీద పెట్టుకున్న యాత్రలో బొర్రా చూడని మనుషులం ఆవిడా నేనూ. వ్యాన్లో కూతురు తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. "ఊరుకోయే, కాళ్లు నాకు నొప్పెట్టాలి గానీ నీకేటి?" అని వీపు నిమిరింది.

విజయనగరం వచ్చిన మర్నాడు గేటు చప్పుడుకి మెలకువ వచ్చింది. స్తంభం మీద టక్‌మనలేదు. ఆవిడ పాల సంచి పట్టుకుని మామూలుగా నడిచి వెళ్లి, మలుపులో ఉన్న బూతులో పాలు కొని వచ్చేసింది. ఆ తరవాత ఊరి చివర బూతుకి మళ్లీ వెళ్లలేదు. అన్నయ్య కాఫీ తాగి, పాలు పలచగా ఉన్నాయన్నాడా? అనలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "మళ్లీ ఏడాది పందెం ఉంటుందట వదినా" అన్నాను. "ఒద్దు లెండి మరిదిగారూ. పరుగు నాకు సరిపోయింది" అంది. కోపంగా అంటే బాగుండేది. బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

ఈ మాఘంలో పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నేను వెళ్లి చూసినప్పుడు ఎడమ కాలు దుప్పటి కింద కదులుతూనే ఉంది. కూతురు దుప్పటి సర్దుతుంది, అది మళ్లీ జారుతుంది. "ఏం కావాలమ్మా?" అని కూతురు. అలా చూస్తూ ఆ మంచం పక్కన నా చేతికర్ర పట్టుకుని కూర్చున్నాను. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం, ఆ కాలికి చెప్పడానికి ఒక్క మాట నా దగ్గర లేదు.

శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు వచ్చినవాళ్లందరికీ మా అన్నయ్య ఒకే సంగతి చెప్పాడు. "దీనికి నేను ఏ లోటూ చెయ్యలేదండీ. చివరికి ఆ పరుగు ముచ్చట కూడా తీర్చాను. అరకు తీసుకెళ్లాను." కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అవి నిజం కన్నీళ్లే. అదే నన్ను చంపేస్తోంది. అతనికి తెలియదు. ఎవరైనా చెప్పినా తెలియదు. వచ్చినవాళ్లు తలలూపారు. "అదృష్టవంతురాలు" అంది ఒకావిడ. వాకిట్లో పాడెకి వెదురు గడలు కడుతున్నారు. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. ఈసారి కేకలు వేసి గడ ఎత్తేవాళ్లు లేరు.

ఒక్క సంగతి దాటేశాను. ఆవిడ ఆ మలుపు తిరిగిన క్షణం. రాయకుండా ఉందామనుకున్నాను. కుదరదు.

కమాను లేదు, మైకు లేదు, మనుషులు లేరు. ఎండ. ఖాళీ మైదానంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో నేను. కొండదారి మలుపులో ఎర్రమట్టి దుమ్ము లేచింది. మా వదిన. అలసిపోయి, ఒక పక్కకి ఒరిగి, కాళ్లీడ్చుకుంటూ వస్తోంది. తలెత్తి ఇటు చూసింది. కళ్లజోడు లేదు. అంత దూరం నుంచి ఆవిడకి కనిపించింది నిమ్మపండు రంగు టోపీ ఒక్కటే.

ఆవిడ ఒళ్లు నిటారయింది. చెయ్యి పైకెత్తి ఊపింది. ఆ తరవాత పరిగెత్తిన పరుగు నేనెక్కడా చూడలేదు. అరవై దాటిన మనిషి కాదు, సాలూరు పిల్ల, తెల్ల బూట్ల పిల్ల, గట్టు మీద నిలబడ్డవాడి కోసం పరిగెడుతోంది. ముఖమంతా నవ్వు. నేను లేచి నిలబడ్డాను. టోపీ తీసేద్దామని చెయ్యి పైకి వెళ్లింది. తీస్తే అక్కడే ఆగిపోతుందేమో అని భయమేసింది. తీయలేదు. తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. మిగిలిన దూరమంతా ఆ నవ్వు నా మీదకే వస్తూ ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడి ఉన్నాను, పక్కకి తప్పుకోవడానికి లేకుండా.

దగ్గరికి వచ్చాక ఆవిడ నన్ను చూసింది. అడుగులు వెంటనే ఆగలేదు, ఇంకో నాలుగు పడ్డాయి. "ఆయనేడీ మరిదిగారూ?" అంది.

ఆ టోపీ నా గదిలో కొక్కేనికి ఉంది. ఆ నవ్వు నాది కాదు. దాన్ని ఎవరికి అప్పజెప్పాలో తెలిసీ చెయ్యగలిగింది లేక దాచుకుని ఉన్నాను. దానికోసం ఆ రోజు అక్కడ నిలబడి ఉండాల్సిన మనిషి బొర్రా గుహల్లో రాళ్లకి ఫొటోలు తీస్తున్నాడు. అతని పేరు జగన్నాథం. మా అన్నయ్య.